డాక్టరు చెప్పని మాట

అమ్మమ్మకి వచ్చింది. అమ్మకి వచ్చింది. మరి నాకు..?

రొమ్ము క్యాన్సర్ ఒకసారి గడప తొక్కిన ఇంట్లో ఆడపిల్లలు పైకి అనరుగానీ లోపల్లోపల వేసుకునే ప్రశ్న ఇదే. దీనికి దేవుడి మీద భారం వేయడం తప్ప వేరే జవాబు లేని రోజులు పోయి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు పరీక్ష ఉంది. కాస్త రక్తమో ఉమ్మో ఇస్తే చాలు. అంతకంటే ముఖ్యంగా, ఆ పరీక్ష చేయించుకోవాలో వద్దో, చేయించుకుంటే చేతికొచ్చిన కాగితాన్ని ఎలా చదువుకోవాలో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పే మనుషులున్నారు. జెనెటిక్ కౌన్సెలర్లంటారు వాళ్లని. న్యూయార్క్ దగ్గర సారా లారెన్స్ కాలేజీలో ఈ చదువు 1969లోనే మొదలైంది. ఇప్పుడు అమెరికాలో వేలమంది ఈ పనిలో ఉన్నారు.

ఉన్నారు సరే, ఎవరికి ఉన్నారు? అక్కడే ఉంది అసలు సంగతి.

ఫ్లోరిడా రాష్ట్రంలో 2009-2012 మధ్య, యాభై ఏళ్లలోపు వయసులోనే రొమ్ము క్యాన్సర్ బారినపడి బయటపడ్డ 1,622 మంది మహిళల వివరాలు సేకరించారు పరిశోధకులు. ఆ వయసులో ఈ జబ్బు వచ్చిందంటే వంశపారంపర్యమేమో చూడమని మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. అంటే వీళ్లందరికీ ఆ మాట చెప్పాల్సిందే. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. శ్వేతజాతి మహిళల్లో వందకి 65 మంది దాకా బీఆర్‌సీఏ జన్యుపరీక్ష చేయించుకున్నారు. నల్లజాతి మహిళల్లో? వందకి 36 మంది!

అదే అధ్యయనంలో ఇంకో లెక్క కూడా ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరుగానీ నాకు మాత్రం అదే ఎక్కువ గుచ్చుకుంది. హిస్పానిక్ మహిళల్లో ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు 69 శాతం మంది పరీక్ష చేయించుకుంటే, స్పానిష్ మాట్లాడేవాళ్లలో అది 50 శాతం కూడా లేదు. ఒకే రాష్ట్రం, ఒకే జబ్బు. నోట్లో భాష మారేసరికి లెక్క మారిపోయింది. భాష సంగతికి మళ్లీ వద్దాం.

గుండ్రాలూ చదరాలూ

కౌన్సెలర్ గదిలో సూదీ మందూ ఏమీ కనిపించవు. మొదట బయటికొచ్చేది కాగితం, లేదంటే కంప్యూటర్లో ఓ ఖాళీ బొమ్మ. ఆడవాళ్లకి గుండ్రం, మగవాళ్లకి చదరం. చనిపోయినవాళ్ల మీద అడ్డగీత. మీరెక్కడున్నారో చూపడానికి ఓ బాణం. అలా మూడు తరాలు గీస్తారు. ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చింది, ఎడమా కుడా, రెండువైపులానా, అండాశయానికా... ఒక్కొక్కటీ అడుగుతారు. గంటసేపు పట్టినా ఆశ్చర్యం లేదు. పదిహేను నిమిషాలకో పేషెంటుని చూడాల్సిన డాక్టరు చేయగలిగిన పని కాదిది.

ఇక్కడో చిన్న దిద్దుబాటు. 'ఆవిడకి బీఆర్‌సీఏ ఉందట' అంటుంటారు. బీఆర్‌సీఏ-1, బీఆర్‌సీఏ-2 జన్యువులు అందరికీ ఉంటాయి. ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా. తెగిపోయిన డీఎన్‌ఏకి అతుకులేయడం వాటి ఉద్యోగం. పుట్టుకతోనే ఆ జన్యువులో లోపం ఉంటే రిపేరు పని సరిగ్గా జరగదు. చిక్కంతా అదీ. సగటు అమెరికన్ మహిళకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఎనిమిదిమందిలో ఒకరికి. బీఆర్‌సీఏ-1లో లోపం ఉన్నవాళ్లకి ఎనభై ఏళ్లు వచ్చేలోపు 72 శాతం. బీఆర్‌సీఏ-2 అయితే 69 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పు మొదటిదానికి 44 శాతం, రెండోదానికి 17 శాతం. 2017లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం చెప్పిన అంకెలివి.

'అయితే ఏంటి? నాకు ఎలాగూ వచ్చేసింది, ఆపరేషనూ అయింది, కీమో కూడా అయింది. ఇప్పుడు జన్యువు సంగతి తెలుసుకుని ఏం చేసుకోను?' అనిపిస్తుంది ఎవరికైనా. న్యాయమైన ప్రశ్నే. జవాబులూ ఉన్నాయి. ఒక రొమ్ముకి వచ్చి తగ్గిన తర్వాత ఇరవై ఏళ్లలో రెండోదానికి వచ్చే అవకాశం బీఆర్‌సీఏ-1 లోపమున్నవాళ్లలో 40 శాతం, బీఆర్‌సీఏ-2 అయితే 26 శాతం. అండాశయ క్యాన్సర్‌ని తొలిదశలో నమ్మకంగా పట్టుకునే పరీక్ష ఈనాటికీ లేదు. పిల్లలు పుట్టాక అండాశయాల్నీ ఫాలోపియన్ నాళాల్నీ ముందుగానే తీయించుకుంటే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. తెలిస్తేనే కదా తీయించుకోవడానికి! పైగా 2018 నుంచి ఈ జన్యులోపం ఉన్నవాళ్ల రొమ్ము క్యాన్సర్‌కే పనిచేసే ఓలాపరిబ్ అనే మందు అమెరికాలో వాడుకలో ఉంది. మొదట ముదిరిన జబ్బుకి అనుమతిచ్చారు. 2022లో, మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న తొలిదశ జబ్బుకీ ఇచ్చారు. పరీక్ష కాగితం లేకపోతే మందు లేదు.

ఇవన్నీ ఒకెత్తు. ఇంట్లోవాళ్లు ఇంకో ఎత్తు. లోపం తల్లిలో ఉంటే ప్రతి బిడ్డకీ అది రావడానికి సగానికి సగం అవకాశం. కొడుకైనా కూతురైనా. అయితే ముందు పరీక్ష చేయాల్సింది ఆరోగ్యంగా ఉన్న కూతురికి కాదు, జబ్బు వచ్చిన తల్లికి. తల్లిలో ఫలానాచోట ఫలానా అక్షరం తప్పిందని తేలితే, కూతురిలో సరిగ్గా ఆ ఒక్కచోటే వెతకొచ్చు. అక్కడ లేకపోతే ఆ పిల్ల హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు, మిగతా ఆడవాళ్లందరికీ ఉన్న ముప్పే తనకీ అనుకుని. తల్లి పరీక్ష చేయించుకోకపోతే కూతురికి లోపం దొరకలేదన్నా అనుమానం తీరదు. అసలు ఆ ఇంట్లో ఉన్న లోపమేంటో తెలీనప్పుడు, లేదన్నది దేన్ని? అందుకే ఒక మహిళని కౌన్సెలర్ దగ్గరకి పంపకపోతే నష్టపోయేది ఆవిడొక్కతే కాదు. చెల్లెళ్లు, కూతుళ్లు, అన్న కూతుళ్లు... ఆ బొమ్మలో ఉన్న గుండ్రాలన్నీ చీకట్లోనే ఉండిపోతాయి.

మూడువేల డాలర్ల కాగితం

మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త 1990లో తొలి ఆధారం చూపించారు. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో వెంటాడటానికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని. అప్పటిదాకా క్యాన్సర్‌లాంటి చిక్కుజబ్బుకి ఒక జన్యువు కారణం కావడమేంటని కొట్టిపారేసినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఆ జన్యువుని పట్టుకోవడానికి పెద్ద పరుగుపందెమే నడిచింది. 1994లో ఉతా రాష్ట్రంలోని మిరియడ్ జెనెటిక్స్ బృందం గెలిచింది. గెలిచి ఊరుకోలేదు, పేటెంటు తీసుకుంది. మనిషి ఒంట్లో ఉన్న జన్యువు మీద పేటెంటు! అలా అమెరికాలో ఈ పరీక్ష చాలా ఏళ్లపాటు ఒకే కంపెనీ చేతిలో ఉండిపోయింది.

2013 మే నెలలో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ, తనలో బీఆర్‌సీఏ-1 లోపం ఉందనీ, రెండు రొమ్ములూ తీయించుకున్నాననీ న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. ఆమె తల్లి 56 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు. పరీక్ష ఖరీదు మూడువేల డాలర్లు దాటుతోందనీ, ఎంతోమంది మహిళలకి అదే అడ్డంకనీ ఆ వ్యాసంలోనే రాశారావిడ. ఆ తర్వాతి పదిహేను పనిదినాల్లో అమెరికాలో బీఆర్‌సీఏ పరీక్షలు 64 శాతం పెరిగాయి. ఆ పరుగెత్తినవాళ్లలో చాలామందికి నిజంగా పరీక్ష అవసరం ఉందా అని తర్వాత ప్రశ్నలొచ్చాయి. అవసరం ఉన్నవాళ్లు రాకపోవడం, లేనివాళ్లు వరసలో నిలబడటం... వైద్యంలో ఇదేం కొత్త కాదులెండి.

అదే ఏడాది జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు, ప్రకృతి ఇచ్చిన డీఎన్‌ఏ మీద పేటెంటు చెల్లదని తేల్చేసింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాట. మిగతా ల్యాబ్‌లు రంగంలోకి దిగాయి. ధర దిగింది. 2015 నాటికే 249 డాలర్లకి పరీక్ష చేస్తామన్న కంపెనీ ఉంది.

ధర దిగితే తేడా పోవాలి కదా? పోలేదు.

నమ్మకం లేదట!

నల్లజాతి మహిళలు ఎందుకు రారు అని అడిగితే చటుక్కున వినిపించే సమాధానం... వాళ్లకి ఆసుపత్రులంటే నమ్మకం లేదు. దానికి కారణాలూ లేకపోలేదు. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా, ఏకంగా నలభై ఏళ్లపాటు, ప్రభుత్వ ఆరోగ్యశాఖే సుమారు 400 మంది నల్లజాతి రోగుల సిఫిలిస్ జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. మధ్యలో పెన్సిలిన్ వచ్చింది. అయినా ఇవ్వలేదు. అలాంటి చరిత్ర ఉన్న చోట, 'మీ జన్యువులు చూస్తాం, కాస్త రక్తమివ్వండి' అంటే ఎవరైనా ఓ అడుగు వెనక్కి వేస్తారు. జన్యుపరీక్ష ఫలితం చూపించి ఆరోగ్య బీమా ఇవ్వకపోవడం, ఉద్యోగంలోంచి తీసేయడం చేయకూడదని 2008లో చట్టం వచ్చింది. జీవిత బీమాకి మాత్రం ఆ చట్టం వర్తించదు. భయం పూర్తిగా నిరాధారమేం కాదన్నమాట.

కానీ ఈ 'నమ్మకం లేదు' అన్న మాట ఉందే, అది ఆసుపత్రికి భలే సౌకర్యంగా ఉంటుంది. తప్పంతా రానివాళ్ల మీదకి నెట్టేయొచ్చు. పరిశోధనలు చూస్తే కథ వేరేలా ఉంది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో ప్రచురించిన అధ్యయనం ఇందులో ముందుది. కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్ ఉన్న 408 మంది మహిళల్ని తీసుకున్నారు. కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లనీ వెళ్లనివాళ్లనీ పోల్చారు. నల్లజాతి మహిళలు వెళ్లే అవకాశం చాలా తక్కువని తేలింది. చదువు, ఆదాయం కారణమేమోనని ఆ తేడాల్ని లెక్కలోంచి తీసేశారు. భయమేమోనని దాన్నీ తీసేశారు. పరీక్ష మీద అభిప్రాయాలు, కుటుంబ డాక్టరు ఆ మాట ఎత్తారా లేదా అన్నదీ తీసేశారు. అయినా తేడా అలాగే నిలబడింది.

2016లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఈసారి పెన్సిల్వేనియా, ఫ్లోరిడా రెండు రాష్ట్రాల్లో, అప్పటికే రొమ్ము క్యాన్సర్ వచ్చిన మూడువేలమంది. ఈసారి రోగుల్నే కాదు, వాళ్లకి వైద్యం చేసిన సర్జన్లనీ ఆంకాలజిస్టుల్నీ కూడా ప్రశ్నించారు. తేలిందేంటంటే, నల్లవాళ్లు వెళ్లే డాక్టర్లు వేరు, తెల్లవాళ్లు వెళ్లే డాక్టర్లు వేరు. చట్టం ప్రకారం వేరుచేయడం ఎప్పుడో పోయినా వైద్యం ఇంకా రెండు వీధుల్లోనే నడుస్తోంది. అయితే పరీక్షల్లో తేడాకి అది కారణం కాదు. డాక్టర్ల తేడాని లెక్కలోంచి తీసేసినా అంతరం తగ్గలేదు. మరి తగ్గింది ఎప్పుడు? 'మీ డాక్టరు ఈ పరీక్ష చేయించుకోమని చెప్పారా' అన్న ప్రశ్నకి జవాబు కలిపినప్పుడు. ముప్పు ఒకేలా ఉన్నా, చెప్పారని అన్న నల్లజాతి మహిళలు తక్కువ. ఆ ఒక్క సంగతిని సరిచేసి చూస్తే అంతరం ఇంకొంత సన్నబడింది.

అంటే, నమ్మకం ఉందో లేదో తెలుసుకోవాలంటే ముందు అడగాలి కదా. అడగనేలేదు!

ఎందుకు అడగరు? జాతివిద్వేషమే అని ఒక్కమాటలో తేల్చేయను. కొంత తప్పుడు లెక్క కూడా ఉంది. ఈ జన్యులోపం యూదు కుటుంబాల్లో ఎక్కువని మొదట్లోనే బయటపడింది. నిజమే, అష్కనాజీ యూదుల్లో సుమారు నలభైమందికి ఒకరిలో ఉంటుంది. తొలినాళ్ల పరిశోధనల్లో పాల్గొన్న కుటుంబాలూ అత్యధికం యూరప్ మూలాలవే. దాంతో ఇది తెల్లవాళ్ల జబ్బన్న ముద్ర పడిపోయింది. వెతకనిచోట దొరకదు. దొరకలేదు కాబట్టి లేదనుకుంటారు. లేదనుకున్నారు కాబట్టి వెతకరు.

ఆ ముద్రని చెరిపినవాళ్లలో ఒలుఫున్‌మిలాయో ఒలొపాడే పేరు ముందు చెప్పుకోవాలి. నైజీరియాలో పుట్టి షికాగో విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డ క్యాన్సర్ నిపుణురాలావిడ. ఆవిడ బృందం నైజీరియాలో వెయ్యిమందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగుల్ని పరీక్షించింది. వందకి ఏడుగురిలో బీఆర్‌సీఏ-1, నలుగురిలో బీఆర్‌సీఏ-2 లోపం కనిపించిందని 2018లో ప్రకటించింది. తక్కువేం కాదది. ఇక 2021లో అమెరికాలో వచ్చిన లెక్క మరీ స్పష్టం. రొమ్ము క్యాన్సర్ వచ్చిన నల్లజాతి మహిళలు సుమారు నాలుగువేలమందిని, శ్వేతజాతి మహిళలు పాతికవేలమందిని పోల్చిచూశారు. వంశపారంపర్య లోపం ఏదో ఒకటి ఉన్నవాళ్లు నల్లవాళ్లలో 5.65 శాతం, తెల్లవాళ్లలో 5.06 శాతం. తేడా లేనట్టే.

ముప్పు సమానం. పరీక్ష మాత్రం సగం.

పైగా నల్లజాతి మహిళల్లో ట్రిపుల్ నెగటివ్ అనే మొండిరకం రొమ్ము క్యాన్సర్ రెండింతలు ఎక్కువ. బీఆర్‌సీఏ-1 లోపానికీ ఆ రకానికీ దగ్గర చుట్టరికం ఉంది. అసలు అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చేవాళ్లు నల్లజాతిలో కాస్త తక్కువే. చనిపోయేవాళ్లు మాత్రం తెల్లవాళ్లకంటే 40 శాతం దాకా ఎక్కువ. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. జన్యుపరీక్ష ఒక్కటే తీర్చేది కాదు. కానీ ఎవరికి ముందుగా చూడాలో, ఆ వరసలో వాళ్లు వెనక నిలబడ్డారు.

'కుటుంబంలో ఎవరికీ లేదు, అందుకే పంపలేదు' అని డాక్టర్లు అనొచ్చు. దానికీ జవాబుంది. అండాశయ క్యాన్సర్ విషయంలో కుటుంబ చరిత్రతో పనిలేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ జన్యుపరీక్ష చేయాల్సిందేనని నియమం. అక్కడైనా సమానంగా ఉండాలి మరి. కాలిఫోర్నియా, జార్జియా రాష్ట్రాల్లో 2013-14లో ఆ జబ్బు బయటపడ్డవాళ్ల లెక్క తీస్తే పరీక్ష జరిగింది శ్వేతజాతి మహిళల్లో 34 శాతానికి, నల్లజాతిలో 22 శాతానికి. అందరికీ చేయాలన్న నియమం తెల్లవాళ్లకీ సరిగ్గా అమలు కాలేదు, అది వేరే బాధ.

ఎవరి భాషలో?

కౌన్సెలర్ దాకా వెళ్లారనుకుందాం. ఎదురుగా కూర్చున్నది ఎవరు? అమెరికా జెనెటిక్ కౌన్సెలర్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా శ్వేతజాతివాళ్లే. నల్లజాతివాళ్లు నూటికి ఒకరిద్దరు. తనలాంటి మనిషే చెబితే వింటారని కాదు, చెప్పే మనిషికి వినేవాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో కాస్త తెలిసుండాలి కదా. పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ అయితే కౌన్సెలర్‌ని నేరుగా బిల్లు పెట్టగలిగే వైద్యసేవకురాలిగానే గుర్తించదు. గుర్తించాలంటూ పలుమార్లు పార్లమెంటులో బిల్లు పెట్టారు.

కౌన్సెలర్లు తక్కువ, ఊళ్లు ఎక్కువ. అయితే ఫోన్‌లో చెబితే సరి అన్నారు. మంచి ఆలోచనే. 2014లో 669 మంది మహిళల మీద ప్రయోగించి చూశారు. అర్థం చేసుకోవడంలో, ఆందోళన విషయంలో ఫోనూ ముఖాముఖీ దాదాపు సమానమే. పరీక్ష దాకా వెళ్లినవాళ్లు మాత్రం ముఖాముఖిలో 90 శాతం, ఫోన్‌లో 84 శాతం. ఆ జారిపోయినవాళ్లలో మైనారిటీ జాతుల మహిళలే ఎక్కువ. దూరం తగ్గించడానికి కనిపెట్టిన ఉపాయం కూడా కొంతమందికి ఇంకాస్త దూరమే అయింది.

ఇక భాష. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రభుత్వాసుపత్రుల్లో కౌన్సెలింగ్ జరుగుతుండగా కూర్చుని గమనించారు. ఇంగ్లిషువాళ్లు, స్పానిష్‌వాళ్లు, చైనీయులు... అన్నిరకాల రోగులూ ఉన్నారు. కౌన్సెలర్లు చెబుతున్నది ఒకటి, వాళ్లకి కావాల్సింది ఒకటి. క్రోమోజోమంటే ఏంటో, జన్యువంటే ఏంటో పాఠం నడుస్తోంది. దుబాసీ దాన్ని సగం సగం మార్చి చెబుతుంటే ఎదుటావిడ తలూపుతోంది. ఆవిడకి కావాల్సింది ఒక్కటే. ఇప్పుడు నేనేం చేయాలి? మా అమ్మాయికేమవుతుంది? వ్యాసానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా అలాంటిదే, సమాచారం పొసగలేదని.

ఈ మాట చదువుతున్నప్పుడు నాకు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు దగ్గరికి వెళ్లిన మన అమ్మలు గుర్తొచ్చారు. అక్కడి ఆసుపత్రి ఫారంలో 'ఆంట్' అని ఒకటే గడి ఉంటుంది. మనకి పెద్దమ్మ వేరు, పిన్ని వేరు, మేనత్త వేరు. జన్యువుల లెక్కలో మన పద్ధతే మేలు. ఎందుకంటే అమ్మవైపా నాన్నవైపా అన్నది ఆ ఒక్కమాటలోనే తెలిసిపోతుంది. కానీ మనవాళ్లకీ ఓ గుడ్డి నమ్మకం ఉంది. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి అమ్మవైపు నుంచే వస్తుందనుకుంటారు. మేనత్తకి వస్తే మనకేంటి అంటారు. ఈ లోపం నాన్న నుంచి కూడా సరిగ్గా అంతే అవకాశంతో వస్తుంది. నాన్న ఆరోగ్యంగా ఉంటాడు, తనలో మోసుకొచ్చింది కూతురికి ఇచ్చేస్తాడు. మేనరికాలున్న ఇళ్లలో అమ్మవైపూ నాన్నవైపూ ఒకటే కావచ్చు. కౌన్సెలర్లు గీసే బొమ్మలో అలాంటి పెళ్లికి జంటగీత గీస్తారు. ఆ గీత గీయాలని అడగడం తెలియాలి, అడిగితే మొహమాటపడకుండా చెప్పాలి.

చెబుతామా? మన ఇళ్లలో 'గర్భసంచి తీసేశారు', 'కడుపులో గడ్డ' అని ముగించేసిన చావులు ఎన్నో. పెళ్లికావాల్సిన పిల్ల ఇంట్లో ఉంటే క్యాన్సర్ అన్న మాట గడప దాటదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు లక్షా తొంభైవేలమందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వస్తోంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. కానీ మనకి జన్యు సలహా అంటే చాలావరకు పుట్టబోయే బిడ్డ గురించే. వచ్చిన జబ్బు తగ్గినావిడని అక్కడికి పంపాలని ఎంతమందికి తోస్తుంది?

అర్థంకాని జవాబు

పరీక్ష ఫలితం అవును, కాదు అని రెండే రకాలనుకుంటాం. మూడోది ఉంది. మార్పు కనిపించింది, కానీ అది హానికరమో కాదో ఇప్పటికి చెప్పలేం అని. నల్లజాతి, ఆసియా మహిళలకి ఈ మూడో జవాబు తెల్లవాళ్లకంటే ఎక్కువగా వస్తోంది. వాళ్ల జన్యువులు వింతవని కాదు. ఒక మార్పు మామూలుదా కాదా తేల్చాలంటే అలాంటివాళ్లు ఎంతోమంది అప్పటికే పరీక్ష చేయించుకుని ఉండాలి. ఆ భోషాణంలో ఉన్నవి ఎక్కువగా యూరప్ మూలాలవాళ్ల వివరాలు. అందులో మన తెలుగువాళ్లూ ఈ విషయంలో నల్లవాళ్ల పక్కనే నిలబడతారు. ఇలాంటి మార్పుల్లో అత్యధికం చివరికి హానిలేనివిగానే తేలుతుంటాయి. ఆ మాట చెప్పే మనిషి లేకపోతే మాత్రం ఆ కాగితం పట్టుకుని భయంతో రొమ్ములు తీయించుకోవాలనుకునేవాళ్లుంటారు. అది చూసి ఆపరేషన్ చేయకూడదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏళ్ల కిందట అలాంటి జవాబు వచ్చినవాళ్లు మళ్లీ వెళ్లి అడగాలి. ఈలోపు అది తేలిపోయి ఉండొచ్చు.

నియమాలు మెల్లగా మారుతున్నాయి. జబ్బు వచ్చి తగ్గినవాళ్లని కూడా ముప్పు అంచనాకి పంపాలని అమెరికా నివారణ వైద్య కార్యదళం 2019లోగానీ చేర్చలేదు. అంతకుముందు 2005లో, 2013లో ఇచ్చిన సిఫార్సులన్నీ జబ్బు రానివాళ్ల గురించే. అదే 2019లో అక్కడి రొమ్ము సర్జన్ల సంఘం, ప్రతి రోగికీ జన్యుపరీక్ష అందుబాటులో ఉంచాలంది. 2024 జనవరిలో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఇంకో అడుగు వేసింది. అరవై అయిదేళ్లలోపు కొత్తగా జబ్బు బయటపడ్డ అందరికీ బీఆర్‌సీఏ పరీక్ష చేయాలని. ఎప్పుడో వచ్చి తగ్గిపోయినవాళ్లకీ, ఆ ఫలితం వాళ్లకో ఇంట్లోవాళ్లకో పనికొస్తుందనుకుంటే చేయాలని. కుటుంబ చరిత్ర ఉందా, ఎవరు ఎలా కనిపిస్తున్నారు అన్న డాక్టరు అంచనాకి ఇందులో చోటు తగ్గింది. తేడా తగ్గించడానికి ఇదే మంచిదారని నాకనిపిస్తోంది. మేరీ క్లెయిర్ కింగ్ అయితే 2014లోనే ఇంకా ముందుకెళ్లి, ముప్ఫై ఏళ్లొచ్చిన ప్రతి మహిళకీ ఈ పరీక్ష ఇవ్వాలన్నారు.

కొత్తగా జబ్బు వచ్చినవాళ్లు ఆసుపత్రిలో దొరుకుతారు. పాతవాళ్లు ఎక్కడ దొరుకుతారు? పదిహేనేళ్ల కిందట కీమో ముగిసినావిడ ఇప్పుడు ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లదు. బీపీకో షుగరుకో కుటుంబ డాక్టరు దగ్గరికెళుతుంది. ఏడాదికోసారి మామోగ్రాం తీయించుకుంటుంది. ఆ గదిలో మూడు తరాల బొమ్మ గీసేవాళ్లెవరూ ఉండరు. నియమం మారిందని ఆవిడకి ఉత్తరం రాయడం ఎవరి ఉద్యోగమూ కాదు.

ఫ్లోరిడా లెక్కలో నల్లజాతి మహిళలు 440 మంది. వాళ్లలో అప్పటికి పరీక్ష చేయించుకున్నవాళ్లు 159. మిగిలినవాళ్లు 281 మంది. నూటికి 5.65 లెక్కే వేసుకున్నా వాళ్లలో పదిహేనుమందికి పైగా ఏదో ఒక జన్యులోపం ఉండి ఉండాలి. అది 2009-12 నాటి మాట. అప్పుడు బడికెళ్లే వయసున్న వాళ్ల కూతుళ్లకి ఇప్పుడు పాతికా ముప్ఫై ఏళ్లుంటాయి.